పొగ రాని పొగగొట్టం

ఆదివారాలు ఆల్డర్‌కోట్ బంగళా చూడ్డానికి బస్సుల్లో జనం దిగుతారు. బంగళా కంటే లాయమే బాగుందని అందులో సగం మంది అంటారు. అబద్ధం కాదు. నాలుగు వైపులా ఎర్ర ఇటుక కట్టడం, మధ్యన రాళ్ళు పరిచిన ముంగిలి, ముంగిలిలోకి ఎత్తయిన కమాను, కమాను మీద గడియారం, దాని మీద చిన్న గోపురం, గోపురం కొసన గాలి ఎటు వీస్తే అటు తిరిగే ఇత్తడి గుర్రం. నాలుగు మూలలా నాలుగు పొగగొట్టాలు, అచ్చు కవలపిల్లల్లాగా. ఏ వైపు నిలబడి చూసినా పొందిక చెడదని గైడు పిల్ల చెయ్యి తిప్పుతూ చెబుతుంది. జనం తలలు పైకెత్తి “ఆహా” అంటారు.

నాకు ఆ “ఆహా” వింటే ఒళ్ళు మండుతుంది. నేను పదమూడో ఏట ఆ లాయం పక్కనున్న చాకిరేవు గదిలో పనికి చేరాను. దొరల దుప్పట్లు ఉడకేసి, ఉతికి, ఇస్త్రీ చేసి నా వేళ్ళు వంకర్లు పోయాయి. నోరు మాత్రం వంకర పోలేదు. డోర్కస్ నోటికి తాళం లేదని ఊళ్ళో పేరుంది. ఉండనీ. ఆ నాలుగు పొగగొట్టాల్లో పొగ వచ్చేది ఒక్కదాంట్లోంచే. ఆ సంగతి గైడు పిల్ల చెప్పదు, పాపం తనకు చెప్పినవాళ్ళు లేరు.

పొగ వచ్చేది జీనుల గది మీది గొట్టంలోంచి. చెమ్మ తగిలితే తోలుకు బూజు పడుతుందని ఆ గదిలో ఇనప పొయ్యి చలికాలమంతా మండుతూనే ఉండేది. మిగతా లాయంలో ఎక్కడా నిప్పు రాజేయకూడదు. గుర్రాల మీద అటక, అటక నిండా ఎండుగడ్డి, ఆ గడ్డి పక్కనే గుర్రాలను చూసుకునే సాయిసుల గదులు. గడ్డి పక్కన నిప్పేమిటని నేనూ అంటాను. ఆ నియమాన్ని నేను తప్పు పట్టను. గడ్డి ఉన్నన్నాళ్ళూ అది న్యాయమే.

కెజియా ఆ గదుల్లో ఒకదానికి కాపురానికి వచ్చింది. వెల్ష్ సరిహద్దు కొండల్లో గొర్రెలు కాసే ఇంటి పిల్ల. ఎత్తరి, పెద్ద ఎముక, నవ్విందంటే ముంగిట్లో పావురాలు లేచిపోయేవి. మొగుడు ఏబెల్ పార్జెటర్ బంగళాలో రెండో బండివాడు. పెద్ద బండివాడు ఎన్సర్ ముసలాయన కూర్చునే చోటికి ఎప్పటికైనా ఎక్కుతాననుకునేవాడు. ఏబెల్ మంచివాడే. మాట మాత్రం పెదవి దాటేది కాదు.

మా లాయంలో ఒక వాడుక ఉండేది. ఎవరైనా సాయిసు పెళ్ళాన్ని తెచ్చుకుంటే, కొత్త జంట మంచాన్ని ముంగిట్లో వాళ్ళందరూ కలిసి అటక మీదికి మోసి, కింద ఏ గుర్రం ఒళ్ళు ఎక్కువ వెచ్చగా ఉంటుందో సరిగ్గా దాని పైన వేయాలి. గుర్రాలు మేత తినే గాడిలోకి గడ్డి జారవిడవడానికి అటక నేలలో కంత ఉంటుంది కదా, ఆ కంతలోంచే గుర్రాల వెచ్చదనం పైకి వచ్చేది. పొయ్యి లేని ఇళ్ళకు అదే పొయ్యి. ఏ గుర్రం అన్నదాని మీద ప్రతి పెళ్ళికీ పెద్ద రభస.

“బ్రిగేడియర్ మీద వేయండిరా. ఎద్దులాంటి ఒళ్ళు వాడిది,” అన్నాడొకడు.

“వెచ్చనేగానీ వాడు తెల్లవార్లూ గోడను తంతాడు. పిల్లకు నిద్ర పట్టొద్దూ?” అన్నాడు ఎన్సర్.

“కొత్త పెళ్ళికొడుకు మాత్రం పడుకోనిస్తాడా ఏంటి?”

అందరూ ఇకిలించారు. ఏబెల్ చెవులు ఎర్రబడ్డాయి. కెజియా మాత్రం నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

“ఆ చివరున్న బూడిదరంగు ఆడగుర్రం పేరేంటి?”

“డచెస్ అమ్మా.”

“అయితే నా మంచం దాని మీదే. పెద్దింటి దొరసానితో ఒకే కప్పు కింద పడుకున్నానని మా ఊళ్ళో చెప్పుకుంటాను. మా అమ్మ నమ్మదనుకో.”

ఆ రోజు నుంచి ముంగిట్లో ఆమెకు ఎదురు చెప్పినవాడు లేడు. “రాత్రి డచెస్ గారు వెచ్చగా చూసుకున్నారా?” అని వాళ్ళడిగేవాళ్ళు. “మీ ఆవిడ కంటే బాగానే చూసుకుంది,” అని ఈమె అనేది.

కింద గుర్రాలకు ఏం కట్టారో చెప్పాలి. సున్నం వేసిన కమానుల కప్పు. ఒక్కో గుర్రానికీ టేకు చెక్కల గది, చివర ఇనప స్తంభం, దాని నెత్తిన ఇత్తడి గుండు. ఆకుపచ్చ పెంకులు తాపిన గాడి, గోడ మీద బంగారు అక్షరాల్లో గుర్రం పేరు. మూత్రం నిలవకుండా సన్న కాలువలు తీసిన నీలం ఇటుకల నేల. నేను పెళ్ళయ్యాక కాపురం చేసిన ఇంటికి మట్టి నేల. పైన కెజియా గదికి ఏటవాలు కప్పు తప్ప ఏమీ లేదు. కిటికీలు కూడా గదిలోవాళ్ళ కోసం పెట్టినవి కావు. బయటినుంచి చూసేవాళ్ళకు అందంగా ఉండాలని అర్ధచంద్రాకారంలో గోడ మధ్యన కట్టారు. లోపల అవి నేలకు ఆనుకుని ఉండేవి. చూడాలంటే మోకాళ్ళ మీద కూర్చోవాలి. తెరవడానికి రెక్క లేదు, గొళ్ళెం లేదు.

“ఈ ఇంట్లో కిటికీలోంచి చూడాలంటే ప్రార్థన చేయాలే డోర్కస్,” అనేది కెజియా.

లెటిస్ ఆ గదిలోనే పుట్టింది. తల్లి పోలిక ఒక్కటీ రాలేదు. సన్నగా, తెల్లగా, చలిగాలి తగిలితే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. కెజియా ఊయలను గడ్డి కంత పక్కకు జరిపింది. కిందనుంచి డచెస్ ఊపిరి ఆవిరిలా పైకి వచ్చేది, గడ్డి వాసనతో. ఆ ఊపిరితోనే పిల్ల మూడు చలికాలాలు గట్టెక్కింది. నడక వచ్చాక కంత దగ్గర బోర్లా పడుకుని రొట్టె అంచులు కిందికి వేసేది. డచెస్ ముట్టె పైకెత్తి అందుకునేది. పిల్ల నవ్వితే దగ్గు వచ్చేది, దగ్గుతూ నవ్వేది.

అప్పుడు దొరగారికి మోటారు మోజు పట్టింది. ఒకటి కాదు, రెండు కార్లు కొన్నారు. ఆ శరత్కాలంలో బండి గుర్రాలన్నింటినీ వేలానికి తోలారు. డచెస్‌ను కమాను కిందనుంచి నడిపించుకుపోతుంటే లెటిస్ కిటికీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని అద్దానికి ముక్కు ఆనించి చూసింది. “దొరసాని ఊరికెళ్తోందా?” అని అడిగింది. కెజియా “ఆఁ” అంది. ఇంకేం అంటుంది?

గుర్రాలు పోయిన వారానికే మేస్త్రీలు దిగారు. టేకు చెక్కలు పీకారు, నీలం ఇటుకల మీద సిమెంటు పోశారు. గడ్డంతా బళ్ళకెత్తి పొలాల మీది పాకలకు పంపారు. చలికి కార్లలో నీళ్ళు గడ్డకడితే ఇంజను పగులుతుందట. అందుకని గోడల వెంట వేడినీళ్ళ గొట్టాలు వేశారు, పక్కనే బాయిలరు పెట్టారు. పెట్రోలు ఆవిరి పైకి పోకూడదని కప్పు పొడవునా ఇనప రేకు తాపి, దాని మీద సున్నం మెత్తారు. గడ్డి కంతలకు బల్లలు కొట్టేశారు. కింద కార్లకు నులివెచ్చన. పైన మనుషులకు ఆ వెచ్చదనంలో ఆవగింజంత అందకుండా ఇనప మూత.

“కార్లకు జలుబు చేస్తుందటమ్మా,” అన్నాడు ఎన్సర్ తుమ్ముతూ. “నేను నలభై ఏళ్ళు వానలో బండి తోలాను. నాకెప్పుడైనా ఒక గొట్టం వేశారా?”

కార్లు నడపడానికి పట్నం నుంచి ఒకణ్ణి తెచ్చారు. ఏబెల్‌ను కార్లు కడగడానికి ఉంచారు. ఉంచడమే దయ అన్నారు. ఏబెల్ తల వంచుకుని బకెట్ పట్టుకున్నాడు.

మొదటి మంచుతోనే గదిలో కూజా నీళ్ళు గడ్డకట్టాయి. లెటిస్ పిల్లికూతలు చాకిరేవు గదికి వినబడేవి. కెజియా పిల్లను తన గౌను లోపల పెట్టుకుని తిరిగేది. ఆ సంవత్సరం ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ గదిలో పిడికెడు నిప్పు.

“అడగొద్దే,” అన్నాడు ఏబెల్. “ఉన్న పని కూడా పోతుంది.”

“అడగనిదే అమ్మైనా పెట్టదు. వీళ్ళు నాకేమన్నా అమ్మలా?” అని కెజియా ఎస్టేటు మేనేజరు రడ్డక్ దగ్గరికి పోయింది. తోడు నన్ను తీసుకుపోయింది.

రడ్డక్ చెడ్డవాడని ఎవరూ అనరు. బూట్లు తుడుచుకోకుండా ఎవరింట్లోనూ అడుగు పెట్టడు, ఎవరి మీదా గొంతెత్తడు. అలాంటివాళ్ళతోనే చిక్కు.

“అటక మీద మంట పెట్టకూడదమ్మా. అది ఈ ఇంటి నియమం,” అన్నాడు.

“ఆ నియమం గడ్డి కోసం పెట్టింది కదండీ. ఇప్పుడు గడ్డేది?”

“కింద పెట్రోలుంది.”

“ఆ రేకులోంచి వాసన కూడా దూరదని మేస్త్రీకి మీరే చెప్పారు. నేను విన్నాను. వాసన దూరని చోట నిప్పురవ్వ ఎలా దూరుతుంది?”

రడ్డక్ కిటికీలోంచి లాయం వైపు చూశాడు. “నువ్వన్నదాంట్లో న్యాయం ఉంది. కానీ నియమం ఉందిగా.”

“పోనీ ఊళ్ళో ఒక గుడిసె ఇప్పించండి.”

“ఖాళీ లేవు.”

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. కెజియా ఊరుకోలేదు. ఆదివారం చర్చి గుమ్మం దగ్గర ఏకంగా దొరసానినే ఆపింది. దొరసాని లెటిస్ గడ్డం పట్టుకుని “అయ్యో, చిట్టి తల్లీ” అంది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి, నేను చూశాను. మర్నాడు బంగళా నుంచి ఒక మూట వచ్చింది. విప్పితే గుర్రానికి కప్పే దుప్పటి. మూలన నీలం దారంతో డచెస్ పేరు కుట్టి ఉంది.

కెజియా దాన్ని చాలాసేపు చేతుల్లో పట్టుకుని చూసింది. తర్వాత పిల్లకు చుట్టింది. “డచెస్ వాసనొస్తోంది,” అంది లెటిస్ సంతోషంగా.

ఇప్పుడు ఆ పొగగొట్టం సంగతి. కెజియా గది లాయం తూర్పు మూలన ఉండేది. మూలగోడలో ఇటుకల దిమ్మె ఒకటి లోపలికి పొడుచుకువచ్చి నేల నుంచి కప్పుదాకా పోయేది. దాని మీద కప్పు అవతల పొగగొట్టం. అంటే దిమ్మెలో మూసేసిన గోడపొయ్యి ఉన్నట్టే. ముంగిట్లో అందరం అలాగే అనుకునేవాళ్ళం. “పాతరోజుల్లో ఎక్కడో లాయం తగలబడితే భయపడి ఇటుకలు పెట్టి మూసేశారట,” అని ఎన్సర్ చెప్పేవాడు. ఆయనకు ఆయన ముందువాళ్ళు చెప్పారు. మా ఊళ్ళో పొగగొట్టం కట్టాలంటే కింద పొయ్యి ఉండాలి. పొయ్యి లేకుండా పొగగొట్టం కట్టే వెర్రివాడు ఉంటాడని మాకెవరికీ తోచలేదు. పేదవాళ్ళకు తోచే పని కాదది.

జనవరిలో దొరలు లండన్ పోయారు. రడ్డక్ కూడా వెంట పోయాడు. ఏబెల్‌నూ మిగతా మగవాళ్ళనూ చెరువు మంచు కోసి మంచుకొట్టులోకి ఎత్తడానికి పంపారు. ఆ మధ్యాహ్నం కెజియా నన్ను పిలిచింది. ఆమె చేతిలో నాడాలు కొట్టే సుత్తి ఉంది. లెటిస్ దుప్పట్లోంచి కళ్ళు మాత్రం బయటపెట్టి చూస్తోంది. పెదాలు నీలంగా ఉన్నాయి.

“బొగ్గు పట్రా,” అంది.

తెచ్చాను. దొరల బట్టలు ఉడకేసే బొగ్గే, నా గౌను ముందుకొంగులో పోసుకుని తెచ్చాను. ఈ రోజు మళ్ళీ అడిగినా తెస్తాను.

కెజియా దిమ్మె అడుగున కొట్టింది. పాత సున్నం పొడిపొడిగా రాలింది. నాలుగు ఇటుకలు ఊడేసరికి లోపల బోలు. ఆమె చెయ్యి దూర్చి పైకి చాపింది, అందినంత దాకా బోలే. నేను కొవ్వొత్తి పెట్టి చూశాను. మంట బోలు లోపలికి వాలింది.

“లాగుతోందే! గాలి లాగుతోందే!” అని కెజియా నా భుజం మీద ఒక్కటి చరిచింది. ఆ చరుపు ఇప్పటికీ గుర్తే.

రాజేశాం. ముందు కొంచెం పొగ గదిలోకి తిరిగింది, తర్వాత సర్దుకుని బోలులోకి పోయింది. బొగ్గు ఎర్రబడింది. ఆ గది కట్టిన నాటి నుంచి అందులో అదే మొదటి నిప్పు. లెటిస్ దుప్పటి జార్చి చేతులు చాపింది. కెజియా ఆమెను ఒళ్ళో వేసుకుని మంట ముందు నేల మీద కూర్చుంది. ఫోర్కుకు రొట్టె గుచ్చి కాల్చి పెడితే పిల్ల తింది. ఆ చలికాలంలో అడిగి మరీ రెండో ముక్క తినడం నేను అప్పుడే చూశాను. పెదాలకు రంగు వచ్చింది. పిల్లికూతలు తగ్గాయి. కెజియా వాళ్ళ కొండల పాటేదో కూనిరాగం తీసింది. అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను దేవుడి గుళ్ళో కూడా చూడలేదు.

“డోర్కస్, కిందికెళ్ళి చూసి చెప్పవే,” అంది. “మన పొగ ఆకాశంలోకి పోతోందా?”

నేను ముంగిట్లోకి పోయి తలెత్తి చూశాను. జీనుల గది గొట్టంలోంచి పొగ వస్తోంది. మా గొట్టం మీద ఏమీ లేదు. ఉత్త నీలాకాశం. గొట్టం చల్లగా ఉంది కదా, వేడెక్కితే వస్తుందిలే అనుకుని నిలబడ్డాను. ఇత్తడి గుర్రం కూడా కదలకుండా నిలబడి ఉంది. అప్పుడు కెజియా గది అర్ధచంద్రపు కిటికీ అద్దం లోపలినుంచి తెల్లబడింది. తర్వాత నల్లబడింది.

నేను మెట్లెక్కేసరికి గది కనబడలేదు. బోలు నిండిపోయి పొగంతా వెనక్కి తిరిగింది. కిటికీ తెరుచుకోదు కదా. లోపల సుత్తితో అద్దం పగలగొట్టిన చప్పుడు వినబడింది. కెజియా దుప్పటి మూటను గుండెకు అదుముకుని గోడ తడుముకుంటూ బయటికి వచ్చింది. ఏమీ తగలబడలేదు. ఒక్క బల్ల కూడా కాలలేదు. బకెట్ నీళ్ళతో బొగ్గు ఆరిపోయింది. పిల్ల దగ్గు మాత్రం ఆరలేదు.

ఎన్సర్ నియమాలన్నీ గట్టున పెట్టి జీనుల గదిలో ఇనప పొయ్యి పక్కన పక్క వేయించాడు. లాయంలో ఎప్పుడూ వెచ్చగా ఉండే గది అదొక్కటే. తోలు వాసనలో, గోడలకు వేలాడే కళ్ళేల కింద, లెటిస్ ఆ వారం దాటలేదు.

డాక్టరు మర్యాదస్తుడు. “పొగా కావచ్చు, చలీ కావచ్చు. ఛాతీ ముందే చెడిపోయింది,” అన్నాడు.

ఆయన వెళ్ళాక కెజియా నాతో అంది. “చలి అని ఒక్క మాట చెబితే ఆయన సొమ్మేం పోయిందే?”

రడ్డక్ తిరిగి వచ్చాడు. బూట్లు తుడుచుకుని జీనుల గదిలోకి అడుగు పెట్టి, టోపీ తీసి, విచారం తెలియజేశాడు. తర్వాత దొరగారి మాట చెప్పాడు. అంత్యక్రియలయ్యాక వీలు చూసుకుని గది ఖాళీ చేయాలి. లాయం మొత్తం బుగ్గయ్యేదని దొరగారు చాలా కలవరపడ్డారట.

“అయినా అమ్మా, ఆ మూడు గొట్టాలూ అందం కోసం కట్టినవే. వట్టివి. ఆ సంగతి అందరికీ తెలుసు,” అన్నాడు.

కెజియా తలెత్తింది. “అందరికీ అంటే ఎవరికండీ?”

రడ్డక్ టోపీని చేతుల్లో తిప్పాడు. ఎన్సర్ వైపు చూశాడు. ఎన్సర్ పొయ్యి వైపు చూశాడు. పైన పటారం, లోన లొటారం అని సామెత ఊరికే పుట్టలేదు. అయితే ఆ లొటారం కింద కాపురం పెట్టిన వాళ్ళకు మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను అడగాల్సింది, పొయ్యి అడిగిన రోజే ఈ ముక్క ఎందుకు చెప్పలేదయ్యా అని. రడ్డక్ అప్పుడు దాచలేదు, నాకు తెలుసు. పనివాళ్ళ గదికి పొయ్యి ఇవ్వనక్కర్లేదని తేల్చుకున్నాక, గొట్టం గురించి చెప్పాలని అతనికి తోచలేదు, అంతే. దానికి ఉరి వేయడానికి ఏ చట్టమూ లేదు.

అంత్యక్రియలకు బంగళా నుంచి తెల్ల లిల్లీలు వచ్చాయి. జనవరిలో లిల్లీలు! అద్దాల తోటలో పెంచినవి. “వాటికీ వేడినీళ్ళ గొట్టాలున్నాయి,” అని ఎన్సర్ నా చెవిలో గొణిగాడు. సమాధి మీద ఏబెల్ తన చేత్తో చెక్కిన ఓక్ చెక్క సిలువ పెట్టారు. రాయి పెట్టించే స్తోమత ఎప్పుడూ రాలేదు.

ఏబెల్ పొలం పనుల్లో చేరాడు. పెద్ద యుద్ధం రాగానే సైన్యంలో గుర్రాలు చూసుకునే పనికి పేరిచ్చాడు. మళ్ళీ గుర్రాల దగ్గరికి పోతున్నానని ఆ ఒక్కరోజు మొహం వెలిగింది. తిరిగి రాలేదు. కెజియా చర్చి అవతలి గుడిసెలో స్థిరపడింది. పాలశాలలో వెన్న చిలికింది, పురుళ్ళు పోసింది, శవాలకు స్నానం చేయించింది. నవ్వు మానలేదు, కానీ పావురాలు లేచే నవ్వు పోయింది. ఆమె ఇంట్లో గోడపొయ్యి ఎండాకాలంలో కూడా ఆరేది కాదు.

“జూలైలో మంటేంటి కెజియమ్మా, రొట్టెకు బదులు నువ్వు కాలుతున్నావా?” అని ఊళ్ళో కుర్రకారు ఎగతాళి చేసేవాళ్ళు.

“మీ పెళ్ళాలు చలికాలంలో వచ్చి ఇక్కడే కూర్చుంటార్రా,” అనేది ఆమె. నిజంగానే పసిపిల్లలున్న ఆడవాళ్ళంతా ఆ పొయ్యి చుట్టూ చేరేవాళ్ళు. కెజియా మాత్రం గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని శాలువా కప్పుకుని కూర్చునేది. ఇన్నేళ్ళలో ఆమె మంట పక్కన కూర్చోవడం నేను చూడలేదు.

రోజులు మారాయి. పన్నులు కట్టలేక దొర మనవడు బంగళాను జనానికి తెరిచాడు. లాయంలో టీ గది పెట్టాడు. కార్ల చోట బల్లలు, కుర్చీలు వచ్చాయి. ఇత్తడి గుండ్లున్న స్తంభాలకు మెరుగు పెట్టారు. వచ్చినవాళ్ళు వాటి పక్కన ఫొటోలు దిగుతారు. కిందటి శరత్కాలంలో పైన గదులు కూడా బాగుచేయిస్తున్నారని విన్నాం. విన్నాం అంతే, పట్టించుకోలేదు.

ఒకరోజు పొద్దున కెజియా మా ఇంటి కంచె దగ్గరికి వచ్చింది. ఎనభై దాటిన మనిషి, శాలువా కూడా వేసుకోలేదు.

“డోర్కస్, నీ కళ్ళు నాకంటే నయం. అటు చూసి చెప్పవే.”

పొలాల అవతల లాయం కప్పు కనబడుతుంది. తూర్పు మూలన గొట్టంలోంచి సన్నగా, తెల్లగా, నిటారుగా పొగ లేస్తోంది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను.

“పొగ వస్తోందక్కా,” అన్నాను చివరికి.

ఆమె నడక మొదలుపెట్టింది. నేను కోటు తెచ్చి దారిలో కప్పాను.

కమాను కింద ఒక మేస్త్రీ సామాను సర్దుకుంటున్నాడు. పక్కన గోడకు ఆనించి ఒక రాతి బండ ఉంది, రొట్టెల పళ్ళెమంత వెడల్పు, బెత్తెడు మందం.

“పైన గదిలో పొయ్యి పెట్టారా అబ్బాయ్?” అని అడిగింది కెజియా.

“పెట్టామవ్వా. టీకి వచ్చేవాళ్ళు మంట దగ్గర కూర్చోవాలని సరదాపడతారట.”

“చాలా కష్టమైందా?”

“కష్టమేముంది? కట్టినవాళ్ళు ఇటుకలు మిగుల్చుకోవడానికి లోపలంతా బోలుగా వదిలేశారు. నెత్తిన ఈ ఒక్క బండ మూసి పెట్టారు. ఇది తీసేస్తే బంగారం లాంటి గొట్టం. నిన్న పొద్దున ఎక్కాను, భోజనాల వేళకు దించేశాను.”

“ఈ ఒక్క బండేనా?”

“ఇదొక్కటే. విచిత్రమేంటంటే అవ్వా, దీని అడుగున చూడు.” అతను బండను తిప్పాడు. మధ్యన గుండ్రంగా నల్లటి మచ్చ ఉంది. “మసి. ఎప్పుడూ పొగ పోని గొట్టంలో మసి ఎలా వచ్చిందో! మా దొరగారైతే తెగ ముచ్చటపడుతున్నారు.”

కెజియా వంగి అరచెయ్యి ఆ మచ్చ మీద ఆనించింది. అలాగే ఉంచింది. ఆ చెయ్యి ఎవరి నుదుటి మీద ఉందో నాకు తెలుసు, మేస్త్రీకి తెలియదు. అతను సామాను సర్దుకుంటూ ఈల వేస్తున్నాడు. నాకు అతని నోరు నొక్కేయాలనిపించింది. అతని తప్పేముంది పాపం.

అప్పుడే టీ గదిలోంచి దొర మనవడు వచ్చాడు. మంచి కుర్రాడు, ఊళ్ళో ముసలివాళ్ళందరినీ పేరు పెట్టి పలకరిస్తాడు.

“మిసెస్ పార్జెటర్! మీరు ఒకప్పుడు ఇక్కడే ఉండేవారట కదా?”

“ఉన్నాను బాబూ. ఒకటడుగుతాను. ఈ బండ మీకు పనికొస్తుందా?”

“ఎందుకండీ?”

“మా అమ్మాయి సమాధికి రాయి లేదు. చెక్క సిలువ ఎప్పుడో పుచ్చిపోయింది.”

కుర్రాడి మొహం నిజంగానే వాడిపోయింది. “అయ్యో. నా చేతుల్లో ఉంటే ఇచ్చేసేవాణ్ణి. కానీ ఈ లాయం సర్కారు రక్షణ కిందికి వచ్చింది. దీని రాయి ఒక్కటి కూడా ఆవరణ దాటకూడదని నియమం. ఈ బండను టీ గదిలో అందరికీ కనబడేలా పెడదామనుకుంటున్నాం, ఈ మసి మచ్చ సంగతి ఎవరికైనా తెలుస్తుందేమోనని.”

నేను నోరు తెరిచాను. కెజియా నా వైపు చూసింది. మూసుకున్నాను. జీవితంలో అదొక్కసారే.

“నియమం ఉందిగా,” అంది ఆమె నెమ్మదిగా.

“పైకి రండి, మంట దగ్గర కూర్చుని టీ తాగి వెళ్దురు గాని. మీ పాత గదే కదా,” అన్నాడు కుర్రాడు చెయ్యి అందిస్తూ.

“వద్దు బాబూ. ఆ గదిలో నేనొకసారి మంట దగ్గర కూర్చున్నాను.”

మసి అంటిన చేత్తో నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం కమాను కిందనుంచి బయటికి వచ్చాం.